ఫైల్ ఏదో తెలియకుండా జాజ్ విన్నాను

నేను జాజ్ దగ్గరికి పాలకొల్లు మీదుగా వచ్చాను. మాండలిన్ శ్రీనివాస్‌ది ఆ ఊరే. ఆయన క్యాసెట్లు మా ఇంట్లో టేపు సాగిపోయేదాకా మోగాయి. తర్వాత ఆయన రిమెంబర్ శక్తి బృందంలో జాన్ మెక్‌లాఫ్లిన్ అనే గిటారిస్ట్ పక్కన కూర్చుని వాయించారు. ఎవరీ మెక్‌లాఫ్లిన్ అని వెతికితే, 1969లో మైల్స్ డేవిస్ అనే జాజ్ ట్రంపెట్ విద్వాంసుడి రికార్డింగుల్లో గిటార్ వాయించినవాడని తేలింది. అక్కణ్ణుంచి ఇంకో పదేళ్ళు వెనక్కి వెళ్తే మైల్స్ ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ'. అలా పశ్చిమ గోదావరి నుంచి న్యూయార్క్‌కి రెండంటే రెండు మెట్లు.

చాలాకాలం ఫోన్‌లో ఎంపీ3లు పెట్టుకుని, దొరికిన ఇయర్‌ఫోన్స్‌తో వినేసేవాణ్ణి. మొన్నామధ్య సెన్‌హైజర్ హెచ్‌డీ 600 కొన్నాను. వైరున్న హెడ్‌ఫోన్స్, వెనక జాలీ ఉండి గాలి ఆడే రకం, 300 ఓమ్స్. ఫోన్‌కి నేరుగా తగిలిస్తే గొంతు లేవదు కాబట్టి ఫైల్‌లోని అంకెల్ని శబ్దంగా మార్చి బలం పెంచే చిన్న యూఎస్‌బీ డాక్-ఆంప్ కూడా తీసుకోవాల్సి వచ్చింది. ఆఫీసులో ఒక కుర్రాడికి ఈ పిచ్చి నాకంటే ముదిరింది. అతనికి ఈ సంగతి చెప్పగానే, "ఇంత పెట్టి కొని ఇంకా ఎంపీ3లేనా అన్నా? హై-రెజ్ ఒకసారి విను. మొహం మీంచి దుప్పటి తీసేసినట్టు ఉంటుంది" అన్నాడు.

హై-రెజ్ అంటే సీడీ కంటే ఎక్కువ బిట్లతో, ఎక్కువ శాంపిళ్ళతో ఉండే ఫైళ్ళు. ఆ ఆల్బమ్‌లు చవకేం కాదు. హార్డ్ డిస్కులూ నిండిపోతాయి. డబ్బు పెట్టే ముందు ఆ తేడా నా చెవికి నిజంగా వినిపిస్తుందో లేదో తేల్చుకోవాలనుకున్నాను.

ముందు లెక్కలు కాస్త చెప్పాలి. సీడీలో సెకనుకి 44,100 శాంపిళ్ళు, ఒక్కో శాంపిల్ 16 బిట్లు, రెండు ఛానెళ్ళు. గుణిస్తే సెకనుకి 1,411 కిలోబిట్లు. నలభై అయిదు నిమిషాల ఆల్బమ్ 475 ఎంబీ దాకా వస్తుంది. ఫ్లాక్ అంటే దీన్నే జిప్ చేసినట్టు నొక్కిపెట్టడం. సైజు దాదాపు సగానికి తగ్గుతుంది, విప్పితే ఒక్క బిట్ కూడా తేడా లేకుండా తిరిగొస్తుంది. ఎంపీ3 దారి వేరు. పెద్ద శబ్దం మోగేటప్పుడు దాని పక్కనున్న చిన్న శబ్దం మన చెవికి ఎలాగూ అందదు కదా అని, అందని వాటి మీద బిట్లు ఖర్చుపెట్టడం మానేస్తుంది. అలా తీసేసింది మళ్ళీ రాదు. అన్నిటికంటే ఎక్కువ బిట్‌రేట్, అంటే సెకనుకి 320 కిలోబిట్లతో చేసినా పై ఆల్బమ్ 108 ఎంబీకి దిగుతుంది. అదే 24 బిట్ 192 కిలోహెర్ట్జ్ హై-రెజ్ అయితే, నొక్కకముందు మూడు జీబీ.

ఇలాంటి పోలికల్లో జనం సాధారణంగా చేసేది ఏమిటంటే, ఎప్పుడో ఎక్కడో దింపుకున్న ఎంపీ3ని, నిన్న కొన్న హై-రెజ్ ఫైల్‌ని పక్కపక్కన పెట్టి వింటారు. ఆ రెండూ ఒకే మాస్టర్ (విడుదలకి సిద్ధం చేసిన అసలు ప్రతి) నుంచి వచ్చాయన్న గ్యారంటీ ఏముంది? అందుకని నేను సీడీని కంప్యూటర్‌లోకి ఫ్లాక్‌గా ఎక్కించి, ఆ ఫ్లాక్ నుంచే లేమ్ అనే ఎంపీ3 తయారుచేసే సాఫ్ట్‌వేర్ (ఎన్‌కోడర్)తో 128, 192, 256, 320 ఎంపీ3లు నేనే తయారు చేసుకున్నాను. తర్వాత అన్నిటి వాల్యూమ్ సమానం చేశాను. ఈ పని చాలామంది వదిలేస్తారు. రెండిట్లో ఏది కాస్త గట్టిగా మోగితే అదే 'క్లియర్‌గా' ఉందనిపిస్తుంది. అర డెసిబెల్ తేడా ఉన్నా చాలు, అది గట్టిగా ఉందని తెలియదు, బాగుందని మాత్రం అనిపిస్తుంది. ఆడియో షాపుల్లో ఈ కిటుకు తెలియని సేల్స్‌మన్ ఉండడు.

పరీక్షకి ఫూబార్2000 అనే కంప్యూటర్ మ్యూజిక్ ప్లేయర్ వాడాను. అందులో ఏబీఎక్స్ అని ఒక కాంపొనెంట్ పెట్టుకోవచ్చు. ఏ అంటే ఫ్లాక్, బీ అంటే ఎంపీ3. ఎక్స్ ఆ రెండిట్లో ఏదో ఒకటి, ఏదన్నది మనకి చెప్పదు. మూడూ కావలసినన్నిసార్లు విని ఎక్స్ ఏదో చెప్పాలి. మళ్ళీ కలుపుతుంది, మళ్ళీ చెప్పాలి. ఒక ఆటకి పదహారు రౌండ్లు అనుకుంటే, గుడ్డిగా నొక్కినా సగటున ఎనిమిది కరెక్ట్ అవుతాయి. పన్నెండో అంతకంటే ఎక్కువో వస్తే, అది అదృష్టం కొద్దీ అయ్యే అవకాశం నాలుగు శాతం లోపే. అప్పుడు నిజంగా ఏదో వినిపిస్తోందనుకోవచ్చు.

గాలి ఆడే హెడ్‌ఫోన్స్‌కి గది నిశ్శబ్దంగా ఉండాలి. హైదరాబాద్‌లో మే నెలలో అంటే ఫ్యాన్ కట్టేయాలన్న మాట. రాత్రి పదకొండు దాటాక తలుపులు వేసుకుని, ఫ్యాన్ ఆపి, చెమటలు కక్కుతూ కూర్చునేవాణ్ణి. ఇయర్ ప్యాడ్స్ తడిసిపోయేవి. చెవి అలిసిపోతే అన్నీ ఒకేలా వినిపిస్తాయి కాబట్టి ఒక రాత్రికి ఒకటి రెండు ఆటలు మించి ఆడేవాణ్ణి కాదు.

మొదటి పరీక్షకి బిల్ ఎవాన్స్ ముగ్గురి బృందాన్ని తీసుకున్నాను. 1961 జూన్ 25, ఆదివారం. న్యూయార్క్‌లో విలేజ్ వాన్‌గార్డ్ అనే నేలమాళిగ క్లబ్బులో మధ్యాహ్నం రెండు, సాయంత్రం మూడు సెట్లు వాయించారు. ఎవాన్స్ పియానో, స్కాట్ లఫారో బేస్, పాల్ మోషన్ డ్రమ్స్. పదకొండు రోజులకి లఫారో కారు ప్రమాదంలో పోయాడు, పాతికేళ్ళకే. ఆ ఒక్క రోజు టేపుల్లోంచే రెండు ఆల్బమ్‌లు వచ్చాయి. నాకు పరీక్షకి ఇది పనికొచ్చిన కారణం వేరే. గ్లాసులు తగిలిన చప్పుడు, నవ్వులు, ముందు టేబుళ్ళ వాళ్ళ గుసగుసలు, బ్రష్‌లతో తట్టిన సింబల్స్ (డ్రమ్స్‌తో ఉండే లోహపు పళ్ళేలు), చివర్లో చప్పట్లు. ఎంపీ3 ఎన్‌కోడర్‌కి కష్టమైన సామానంతా ఒకేచోట ఉంది.

'మై ఫూలిష్ హార్ట్' నెమ్మదిగా నడుస్తుంది. పియానో ఒక స్వరం వేసి ఆగినచోట మోషన్ సింబల్ మీద బ్రష్ తాకిస్తాడు. ఫ్లాక్‌లో ఆ తాకిడికి మొదలు ఉంటుంది, తర్వాత సన్నటి ఇసుక రాలినట్టు ఒక తోక ఉండి నిదానంగా టేపు హిస్‌లో, అంటే టేపుకి సహజంగా ఉండే బుసలో, కలిసిపోతుంది. 128లో మొదలు కొద్దిగా మొద్దుబారింది. తోక నిలకడగా రాలకుండా వణికింది, ఒక క్షణం ఉండి, ఒక క్షణం లేకుండా, మళ్ళీ ఉండి. పాటంతా వింటే ఇది పట్టుబడదు. రెండు మూడు సెకన్ల ముక్క మాత్రం ఎంచుకుని తిప్పితిప్పి వింటే పట్టుబడుతుంది. చప్పట్లయితే ఇంకా తేలిక. విడివిడి చేతులు పోయి అంతా కలిసి బుడబుడమంటుంది.

ఎందుకిలా అవుతుందో చదివాక వినడం ఇంకా సులువైంది. ఎంపీ3 శబ్దాన్ని 1,152 శాంపిళ్ళ ఫ్రేములుగా తీసుకుంటుంది. సీడీ వేగంలో అది 26 మిల్లీసెకన్లు. ఫ్రేము మధ్యలో ఒక్కసారిగా దెబ్బ పడితే, బిట్లు తగ్గించడం వల్ల పుట్టే రొద ఆ దెబ్బకి ముందు కూడా పరుచుకుంటుంది. దెబ్బ పడకముందే దాని నీడ వినిపిస్తుంది. చిన్న బ్లాకులకి మారి ఎన్‌కోడర్ దీన్ని అదుపు చేయాలని చూస్తుంది గానీ, 128 దగ్గర చేతిలో బిట్లు చాలవు. పైగా 16, 17 కిలోహెర్ట్జ్ దగ్గర పై భాగాన్ని కోసేస్తుంది. నలభై దాటిన నా చెవికి ఆ కోత పెద్ద నష్టం కాదు. టోన్ పెట్టి చూసుకుంటే 14 దాటాక నాకు నిశ్శబ్దమే. నన్ను పట్టించింది ఆ వణుకే.

128 దగ్గర నా మార్కులు పన్నెండుకి పైనే, చెప్పుకోదగ్గట్టే వచ్చాయి. 192 దగ్గర చప్పట్ల ముక్కలో మాత్రం ఎలాగోలా గట్టెక్కాను, పియానో ముక్కలో చతికిలబడ్డాను. 256, 320 దగ్గర బొమ్మాబొరుసే.

ఇక హై-రెజ్. 'కైండ్ ఆఫ్ బ్లూ' 24 బిట్ 192 కిలోహెర్ట్జ్ ఫైల్ కొని, నా సీడీ ఫ్లాక్ పక్కన పెట్టి మామూలుగా విన్నాను. తేడా ఉంది! బేస్ నిండుగా ఉంది, ట్రంపెట్ ఒక అడుగు ముందుకొచ్చింది. మా ఆఫీసు కుర్రాడి మాట నిజమేనేమో అనిపించింది. అప్పుడు ఆ హై-రెజ్ ఫైల్‌నే తీసుకుని నేనే 16 బిట్ 44.1 కిలోహెర్ట్జ్‌కి దింపాను. అంటే సీడీ స్థాయికి. దీన్నీ, అసలు ఫైల్‌నీ ఏబీఎక్స్‌లో పెట్టాను. ఎన్ని రాత్రులు విన్నా సగం దగ్గరే ఆగింది. ఆ నిండుదనం, ఆ ముందుకు రావడం నేను దింపిన చిన్న ఫైల్‌లో కూడా చెక్కుచెదరకుండా ఉన్నాయి. అవి మాస్టరింగ్ చేసిన (విడుదలకి ముందు శబ్దాన్ని సరిచేసిన) మనిషి చెయ్యి, 192 కిలోహెర్ట్జ్ మహిమ కాదు. పాత సీడీ ఒకరు ఒకలా సరిచేశారు, కొత్త ఫైల్ ఇంకొకరు ఇంకోలా సరిచేశారు.

కాస్త ఆలోచిస్తే ఇందులో వింత లేదు. 16 బిట్లలో అతి గట్టి శబ్దానికీ అతి సన్నటి శబ్దానికీ మధ్య 96 డెసిబెల్స్ చోటుంటుంది. 1959లో టేపు మీద రికార్డు చేసేటప్పుడు హిస్ తగ్గించే డాల్బీ నాయిస్ రిడక్షన్ ఇంకా పుట్టలేదు. ఆ టేపు హిస్సే 16 బిట్ల అడుగుకి ఎంతో పైన ఉంటుంది. దాన్ని 24 బిట్లలో పెడితే దొరికేది ఆ హిస్సే, మరింత కచ్చితంగా. 20 కిలోహెర్ట్జ్ పైన ఏమీ ఉండదా అంటే, ఉంటుంది. మైల్స్ వాడిన హార్మన్ మ్యూట్ (ట్రంపెట్ నోటికి పెట్టే మూత లాంటిది) పెట్టి ఊదితే ఆ పైన కూడా శక్తి ఉంటుందని కొలిచి చూపించారు. గబ్బిలాలకి పనికొస్తుంది.

ఈ యజ్ఞంలో అసలు పెద్ద తేడాని పట్టుకున్నది నేను కాదు, మా ఆవిడ. తనకి జాజ్ అంటే ఇష్టం లేదు. కర్ణాటక సంగీతం నేర్చుకుంది, పిల్లలకి చెబుతుంది. మా పెదనాన్నగారబ్బాయి ఎనభైల చివర్లో అమెరికా నుంచి తెచ్చిన 'కైండ్ ఆఫ్ బ్లూ' సీడీ ఒకటి నా దగ్గర పడి ఉంది. ఒకరోజు దాన్నీ, 1997లో మళ్ళీ మిక్స్ చేసిన సీడీనీ ఒకదాని తర్వాత ఒకటి స్పీకర్ల మీద పెట్టాను. వంటింట్లోంచి వచ్చి, "మొదటిది శ్రుతి పైకి ఉందండీ" అంది.

"ఎంత పైకి?"

"కొంచెమే. అర శ్రుతి కూడా కాదు. కానీ చిరాగ్గా ఉంది."

ఫోన్‌లో తంబూరా యాప్ తీసి రెండు శ్రుతికి పెట్టింది. ఆల్బమ్‌లో మొదటి పాట 'సో వాట్' డీ మీద నడుస్తుంది, అంటే మన లెక్కలో రెండు. కొత్త సీడీతో తంబూరా హాయిగా కూర్చుంది. పాత సీడీ పెడితే రెండిటి మధ్యా గీర మొదలైంది. తను ఊరుకోకుండా, "ఇవి ఖరహరప్రియ స్వరాలే కదా" అని ఒక వరస పాడింది కూడా. వాళ్ళు డోరియన్ అనేది సరిగ్గా ఆ స్వరాలే. పదహారు బార్లు (తాళం ఆవర్తాల లాంటివి) రెండు శ్రుతిలో ఉండి, మధ్యలో ఎనిమిది బార్లు రెండున్నరకి ఎక్కి, మళ్ళీ రెండుకి దిగుతుంది. అది వినేసరికి, "ఇదేంటి, పాట మధ్యలో షడ్జం మార్చేశారు!" అని నవ్వింది.

ఆ శ్రుతి తేడా వెనక కథ జాజ్ వాళ్ళకి బాగా తెలిసిందే. 1959 మార్చి 2న న్యూయార్క్ 30వ వీధిలో, ఒకప్పుడు చర్చిగా ఉన్న కొలంబియా స్టూడియోలో ఎల్పీ మొదటి వైపు మూడు పాటలూ రికార్డు చేశారు. ఆ రోజు మాస్టర్ టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా తిరిగిన టేపుని మామూలు వేగంతో వినిపిస్తే శ్రుతి పైకెళ్తుంది, పాట త్వరగా అయిపోతుంది. ఏప్రిల్ 22 నాటి రెండో వైపు పాటలకి ఈ తేడా లేదు. మార్చి 2నే పక్కన తిరిగిన రెండో యంత్రం టేపు సరైన వేగంతో ఉందని తెలుసుకుని, 1992లో దాన్నుంచి సరిచేసి విడుదల చేశారు. అంటే ముప్ఫై ఏళ్ళకి పైగా ప్రపంచమంతా, ఎల్పీ మీద విన్నా క్యాసెట్ మీద విన్నా సీడీ మీద విన్నా, ఆ మూడు పాటల్నీ తప్పు శ్రుతిలోనే వింది. ఆ ఎల్పీతో పాటు వాయిస్తూ నేర్చుకున్నవాళ్ళు తమ వాయిద్యాన్ని కాస్త పైకి శ్రుతి చేసుకోవాల్సి వచ్చి ఉంటుంది.

నా చేతిలో ఉన్న రెండు సీడీలూ 16 బిట్, 44.1. ఫార్మాట్ పరంగా అణువంత తేడా లేదు. ఒకటి తప్పు, ఒకటి ఒప్పు. దీనికి ఏబీఎక్స్ అక్కర్లేదు, ఫ్యాన్ ఆపక్కర్లేదు, వంటింట్లోంచి కూడా తెలుస్తుంది.

అప్పట్నుంచి నా వెతుకులాట మారిపోయింది. ఫైల్ ఎన్ని బిట్లన్నది వదిలేసి, ఏ సంవత్సరం విడుదల, ఏ టేపు నుంచి, స్టీరియోనా (రెండు ఛానెళ్ళా) మోనోనా (ఒకే ఛానెలా) అని చూడటం మొదలుపెట్టాను. ఈ మోనో సంగతి హెడ్‌ఫోన్స్ వాళ్ళకి ముఖ్యం. రూడీ వాన్ గెల్డర్ అనే ఆయన పగలు చూపు పరీక్షించి కళ్ళద్దాలు రాసే ఆప్టోమెట్రిస్టుగా పనిచేస్తూ, న్యూజెర్సీ హాకెన్‌సాక్‌లో అమ్మానాన్నల ఇంటి హాల్లో బ్లూ నోట్ అనే జాజ్ కంపెనీకి రికార్డులు చేసేవాడు. శాక్సోఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ ఆల్బమ్ 'బ్లూ ట్రెయిన్' 1957లో అక్కడ పుట్టిందే. ఆ కాలపు స్టీరియో అంటే ఊదే వాద్యాలు చాలావరకు ఒక పక్కకి, మిగతావి ఇంకో పక్కకి. స్పీకర్ల మీద పర్వాలేదు, ఎడమ స్పీకర్ శబ్దం కుడి చెవికీ చేరుతుంది. హెడ్‌ఫోన్స్‌లో అలా చేరదు. శాక్సోఫోన్ ఒక చెవిలోనే అరుస్తుంటే పది నిమిషాలకి తల వంకరైనట్టు ఉంటుంది. రెండు మందులున్నాయి. ఒకటి, క్రాస్‌ఫీడ్ అనే ప్లగిన్. ఎడమ శబ్దంలో కొంత కుడికి, కుడిది కొంత ఎడమకి, చిటికెడు ఆలస్యంతో పంపిస్తుంది. రెండోది, మోనో విడుదల దొరికితే అదే వినడం. నేను రెండోదాని వైపే. మోనోలో ట్రంపెట్, శాక్సోఫోన్, డ్రమ్స్ ఒకదాని వెనక ఒకటి లోతుగా నిలబడతాయి. ఏ హై-రెజ్ ఫైల్ ఇవ్వని సుఖం అది.

బ్లూటూత్ గురించి అడుగుతారని తెలుసు. బ్లూటూత్‌లో శబ్దాన్ని నొక్కే పద్ధతుల్లో (కోడెక్‌లు) మామూలు ఎస్‌బీసీ బాగా పనిచేస్తే సెకనుకి 328 కిలోబిట్ల దాకా వెళ్తుంది, సోనీ వాళ్ళ ఎల్‌డాక్ 990 దాకా. ఫ్లాక్ పెట్టినా గాల్లోకి వెళ్ళే ముందు మళ్ళీ నొక్కుడే. అయితే మెట్రోలో అమీర్‌పేట దగ్గర జనం ఎక్కాక అవేవీ వినిపించవు. బయట వినడానికి బ్లూటూత్ చాలు.

ఇదంతా అయ్యాక మన పాత తెలుగు పాటలు విన్నప్పుడు కడుపు తరుక్కుపోతోంది. హిస్ తీసేస్తున్నామని చెప్పి కొన్ని విడుదలల్లో వయొలిన్ల పైనుండే గాలి, గాయకుడి ఊపిరి కూడా ఊడ్చేశారు. వాటిని 24 బిట్లలో అమ్మినా ఆ ఊపిరి తిరిగిరాదు. ఇంట్లో ఎవరి దగ్గరైనా పాత ఎల్పీ ఉంటే, దాన్ని శుభ్రంగా తుడిచి ఏ ఫిల్టరూ వాడకుండా ఒకసారి కంప్యూటర్‌లోకి ఎక్కించి ఉంచండి. కరకరలున్నా ఫర్వాలేదు.

ఇప్పుడు నా ఏర్పాటు ఇది. ఇంట్లో డిస్కు మీద అన్నీ ఫ్లాక్. చెవికి తేడా తెలిసినందుకు కాదు, రేపు ఇంకో ఫార్మాట్ వస్తే దీన్నుంచి కొత్తగా తయారు చేసుకోవచ్చు, ఎంపీ3ని మళ్ళీ ఎంపీ3 చేస్తే చప్పట్లు ఇంకా బుడబుడమంటాయి. ఫోన్‌లో 256. హై-రెజ్‌కని దాచిన డబ్బులో కొంత కొత్త ఇయర్ ప్యాడ్స్‌కి పోయింది. పాతవి చెమటకి పాడైపోయాయి. మిగతాది మోనో సీడీలకి.

ఆఫీసు కుర్రాడికి మార్కులు చూపించాను. "నీ డాక్ మారిస్తే వినిపిస్తుంది అన్నా" అన్నాడు. సరే, నీ డాక్ మీదే పెట్టు, ఏబీఎక్స్ నేను సెట్ చేసి ఇస్తాను, బిర్యానీ పందెం అన్నాను. వస్తానన్నాడు. మొన్న శనివారం వాళ్ళ అత్తగారొచ్చారట, అంతకు ముందు వారం జలుబుతో చెవులు మూసుకుపోయాయట. ఫైళ్ళు మాత్రం పెన్‌డ్రైవ్‌లో రెడీగా పెట్టి ఉంచాను.